రిషికేశ్ వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

మే నెలలో ఆఫీసు వాళ్లతో రిషికేశ్ వెళ్లి గంగలో రాఫ్టింగ్ చేస్తావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతు నిండా టెన్షన్. నాకు మాత్రం ముందు గర్వమే వేసింది. మన ఇంటి ఆడపిల్ల గంగలో తెడ్డు వేస్తుందని ఎవరనుకున్నారు? ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

లైఫ్ జాకెట్ బిగించి కట్టుకో, హెల్మెట్ తీయకు, గైడ్ మాట విను. నీళ్లలో పడితే వెల్లకిలా తేలు, కాళ్లు ప్రవాహం పోయే వైపు ఉంచు. లేచి నిలబడాలని చూడకు, రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటుంది. ఇవన్నీ వాళ్లే చెప్తారులే. నా భయం పడవలో ఉన్నప్పటి గురించి కాదు. దిగాక, ఒడ్డున ఫొటోల దగ్గర.

ప్రకాశం బ్యారేజీ దగ్గర ముప్పై ఏళ్లు నీటిమట్టం కొలిచే గేజి చూసినవాణ్ని. ఎండ ముదిరితే మన కృష్ణలో ఇసుక తేలుతుంది. అక్కడ అలా కాదు. ఎండ ముదిరే కొద్దీ పైన మంచు కరిగి గంగ పెరుగుతుంది. పైగా దేవప్రయాగలో అలకనందతో కలిసే భాగీరథి మీద టెహ్రీ, దాని దిగువన కోటేశ్వర్ డ్యామ్‌లు ఉన్నాయి. కరెంటు అవసరాన్ని బట్టి నీళ్లు వదులుతుంటారు. నీ నెత్తిన మబ్బు తునక లేకపోయినా, పొద్దున పొడిగా ఉన్న బండ సాయంత్రానికి మునగొచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, శ్రావణ మాసం. ఎగువన వానలు, బెజవాడలో చుక్క లేదు. ఆ సాయంత్రం 70 గేట్లలో కొన్ని ఎత్తుతారని నాకు తెలుసు. తెలిసే మీ నాన్నను దిగువ ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్లాను. వాడికి పన్నెండేళ్లు. నీళ్లు ఎలా వస్తాయో చూపిస్తానని నా గొప్ప. ఎదురుగా వస్తాయి, కనబడగానే వెనక్కి నడిచి పోవచ్చని లెక్క వేశాను.

నీళ్లు అలా రావమ్మా. ముందు పల్లం వెతుక్కుంటాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య, మేం చీలమండ లోతులో దాటి వచ్చిన పాయే మొదట నిండింది. మేం గేట్ల వైపు చూస్తూ మొక్కజొన్న పొత్తులు తింటున్నాం. వెనక్కి తిరిగేసరికి నీళ్ల రంగు మారింది, నురగ, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. మోకాలి లోతే కదా అని దిగాం. నాలుగడుగులకు నడుము దాకా వచ్చింది. వాడి చెయ్యి నా చేతిలోంచి జారింది. ఒడ్డున వల ఆరేసుకుంటున్న ఒకాయన తాడు విసరకపోతే నువ్వు లేవు, ఈ ఉత్తరమూ లేదు. ఆయన పేరైనా అడగలేదు నేను, వెధవని.

కొత్త చెప్పులు పోగొట్టుకున్నానని అమ్మ చేత తన్నులు తిన్నాడు గానీ నా పేరు చెప్పలేదు మీ నాన్న. 2016 పుష్కరాల్లో ఘాట్‌లో మూడో మెట్టు దాటలేదని నువ్వు వాణ్ని ఎగతాళి చేశావు. గుర్తుందా?

2014 జూన్ 8న బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ పిల్లలు పోయారు. బండల మీద నిలబడి ఫొటోలు దిగుతుంటే పైన డ్యామ్ నుంచి నీళ్లు వచ్చాయి. టీవీ చూస్తుంటే నా అరచేతిలో ఆ జారిన చెయ్యే.

అందుకని, వెళ్లగానే అక్కడి వాళ్లను ఒక్కటి అడుగు: ఇవాళ నీళ్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? చెప్పలేకపోతే నీళ్ల అంచున ఒక రాయి పెట్టి పది నిమిషాలు చూడు. నది మధ్య బండ ఎంత అందంగా ఉన్నా, వెనక పాయ ఉంటే ఎక్కకు. నీళ్లు మురికెక్కితే ఫోన్ తీయకు, పైకి నడువు.

పెద్దమ్మ కందిపొడి కట్టి పెట్టింది. తెడ్డు పట్టుకున్న ఫొటో పంపు, హాల్లో ఫ్రేము కట్టిస్తాను. బండ మీద ఫొటో పంపావంటే మాత్రం మాట్లాడను.

మీ పెదనాన్న