రీస్టార్ట్ అవుతుంది, షట్‌డౌన్ కాదు

ప్రశ్న: ఇంట్లో ట్యూషన్లు చెబుతూ, ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్ వాడుతున్నాను. కొద్ది రోజులుగా షట్‌డౌన్ నొక్కితే మానిటర్ నల్లబడుతోంది గాని, సీపీయూ ఫ్యాను తిరుగుతూనే ఉంటోంది. చివరికి గోడ దగ్గర స్విచ్ కట్టేయవలసి వస్తోంది. రీస్టార్ట్ మాత్రం చక్కగా అవుతోంది. మదర్‌బోర్డు మార్చాలని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మదర్‌బోర్డుకు డబ్బు పెట్టే ముందు కాస్త ఆగండి. మీ ఉత్తరంలో అసలైన ఆధారం ‘రీస్టార్ట్ చక్కగా అవుతోంది’ అన్న మాటే. 2012లో విండోస్ 8తో వచ్చిన ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గాని, విండోస్ కెర్నెల్ (దాని మూలభాగం), డ్రైవర్లు (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములు) అప్పుడున్న స్థితి మాత్రం డిస్కులోని ఒక ఫైలులోకి చేరి, మర్నాడు అక్కడి నుంచే తిరిగి మెమరీలోకి వస్తుంది. రీస్టార్ట్‌లో ఈ దాచుకోవడం లేదు. అంతా మొదటి నుంచి మొదలవుతుంది. దాచుకునే దశలో ఏదైనా డ్రైవరు మొరాయిస్తే, తెర ఆరిపోయినా కరెంటు తెగదు.

పరీక్ష సులువు. షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి. ఆ ఒక్కసారికి విండోస్ పూర్తిగా మూతపడుతుంది. ఫ్యాను ఆగిందంటే దొంగ దొరికినట్టే. అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ తెరిచి, ‘ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్’ నొక్కితేనే (చాలామంది ఇది చూడక, గడి మసకగా ఉందని వెనుదిరుగుతారు) ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ ఎదుట ఉన్న టిక్కు తీయడానికి వీలవుతుంది. ఉదయం కంప్యూటరు తెరుచుకోవడం కొంత ఆలస్యమవుతుంది. ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త తరహా డిస్కు) ఉంటే ఆ తేడా పెద్దగా తెలియదు.

షిఫ్ట్ పట్టుకున్నా ఫ్యాను ఆగకపోతే ప్రింటర్, వెబ్‌క్యామ్, వైఫై డాంగిల్ వంటి యూఎస్‌బీ పరికరాలన్నీ పీకి మళ్లీ ప్రయత్నించండి. ఇంటెల్ ప్రాసెసరు అయితే ‘మేనేజ్‌మెంట్ ఇంజిన్’ (ఇంటెల్ బోర్డులో విడిగా నడిచే చిన్న నియంత్రణ వ్యవస్థ) డ్రైవరును కూడా అనుమానించాలి. మదర్‌బోర్డు తయారీదారు సైట్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవరునే వేయండి.

గోడ స్విచ్ అలవాటు మాత్రం మానండి. డిస్కు రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. మరీ తప్పనప్పుడు, డిస్కు లైటు మిణుకుమనడం ఆగాక, పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోండి. అప్‌డేట్లు జరుగుతున్నాయని తెరమీద కనిపిస్తుంటే ఎంతసేపైనా ఆగవలసిందే.

ఇక మదర్‌బోర్డు సంగతి. కంప్యూటరు ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) తెరలోకి వెళ్లండి. అక్కడ విండోస్ ప్రమేయమే ఉండదు. ఆ తెరమీద ఉండగా పవర్ బటన్‌ను ఒక్కసారి నొక్కితే సాధారణంగా వెంటనే అంతా ఆరిపోతుంది. నొక్కి పట్టుకున్నా ఫ్యాను ఆగకపోతే అప్పుడు మీ మెకానిక్ మాట వినవచ్చు, అయితే మదర్‌బోర్డు కన్నా ముందు పవర్ బటన్ తీగను, ఎస్‌ఎంపీఎస్‌ను (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెను) చూడమనండి.