కొండపల్లి బొమ్మల పొణికి చెక్కతో పెన్ను చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కాకపోతే ముందు చెక్కకి రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురులాంటి ద్రవం) పట్టించి గట్టిపరచాలి, నేరుగా లేత్ (చెక్కని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పెడితే నిలవదు. తెల్ల పొణికి బాగా తేలిక, మెత్తన, అందుకే విజయవాడ పక్కన కొండపల్లిలో బొమ్మలకి అంత చక్కగా పనికొస్తుంది, కానీ పెన్ను లోపల ఉండే ఇత్తడి ట్యూబ్ చుట్టూ మిగిలే చెక్క చాలా పల్చన. ఉదాహరణకి స్లిమ్‌లైన్ అనే సన్నటి పెన్ను రకం తీసుకోండి, ట్యూబ్ లావు 7 మిల్లీమీటర్లు, పని పూర్తయ్యాక చివర్ల దగ్గర చెక్క మందం మిల్లీమీటర్ కూడా ఉండదు, అక్కడికొచ్చేసరికి మెత్తటి చెక్క ఉలికి పీచులు పీచులుగా లేచి ట్యూబ్ మీంచి ఊడొచ్చేస్తుంది.

పైన ఎపాక్సీ (చిక్కటి రెజిన్) పోసేస్తే సరిపోద్ది అని చాలామంది అనుకుంటారు, అది పైపొరే, లోపలికి దిగదు. కావాల్సింది పల్చటి స్టెబిలైజింగ్ రెజిన్. చెక్కని అందులో ముంచి వాక్యూమ్ పెట్టి, బుడగలు రావడం ఆగేదాకా గాలి లాగి, వాక్యూమ్ వదిలాక బాగా నాననిచ్చి ఓవెన్లో వేడిచేస్తేనే గట్టిపడుతుంది (వంటకి వాడే ఓవెన్ మాత్రం వద్దండి). అన్నిటికంటే ముందు చెక్కలో తేమ పూర్తిగా పోవాలి, మన దగ్గర గాలికి ఆరిన చెక్కలో కూడా ఎంతోకొంత తేమ ఉంటుంది, అది ఉంటే రెజిన్ సరిగ్గా గట్టిపడదు. ఇంత శ్రమ ఎందుకనుకుంటే గట్టి చెక్క, టేకో తుమ్మో తీసుకోండి, బాగా ఆరితే చాలు, రెజిన్ అక్కర్లేదు.