పదహారు కోర్లలో సగం ఖాళీగానే ఉంటున్నాయి: గేములు, సాఫ్ట్‌వేర్ వాటిని ఎప్పటికైనా వాడుకుంటాయా?

కొత్తగా కొన్న 16 కోర్ల (కోరు అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేయగల ఒక భాగం) ప్రాసెసర్ మీద గేమ్ ఆడుతుంటే మొత్తం వినియోగం ఇరవై శాతం కూడా దాటడం లేదని, మిగిలిన కోర్లను సాఫ్ట్‌వేర్ ఎప్పటికైనా వాడుకోగలదా అని మీరు అడిగారు. గేమ్ ఇంజిన్లలో (గేమును నడిపే మూల సాఫ్ట్‌వేర్‌లో) ఆట ప్రపంచం కదలికలను లెక్కగట్టే సిమ్యులేషన్ భాగం మీద చాలాకాలంగా పనిచేస్తున్న వ్యక్తిగా నా సమాధానం ఇది: వాడుకోగలదు, కానీ ఏ పని ఏ పని ఫలితం కోసం ఎదురుచూస్తుందో ప్రోగ్రాం స్పష్టంగా చెప్పగలిగిన మేరకే వాడుకోగలదు.

ముందుగా ఆ ఇరవై శాతం సంగతి చూద్దాం. 16 కోర్లలో ఒక్క కోరు పూర్తిగా నిండితే మొత్తం మీద కనిపించేది 6.25 శాతమే. పైగా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే థ్రెడ్‌ను, అంటే ప్రోగ్రాంలో వరుసగా నడిచే ఒక పనుల గొలుసును, ఒక కోరు నుంచి మరో కోరుకు మారుస్తూ ఉంటుంది కనుక, నిజానికి ఒకే థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేస్తున్నా, గ్రాఫులో అన్ని కోర్లూ కొద్దికొద్దిగా పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది. అందువల్ల టాస్క్ మేనేజర్‌లో మొత్తం శాతం చూసి ప్రాసెసర్ ఖాళీగా ఉందని తేల్చలేము. ఏ థ్రెడ్ ఎంతసేపు నడిచిందో, ఎంతసేపు ఎదురుచూసిందో ప్రొఫైలర్ అనే కొలిచే పరికర సాఫ్ట్‌వేర్‌లో చూడాలి.

2004 ప్రాంతం వరకు ఈ ప్రశ్నే లేదు. క్లాక్ వేగం ఏటికేడు పెరుగుతుండటంతో పాత ప్రోగ్రాం కొత్త ప్రాసెసర్ మీద దానంతటదే వేగంగా నడిచేది. పెంటియం 4 చిప్పులు 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయాయి, వేడిని అదుపు చేయడం అసాధ్యమై ఇంటెల్ దాని తర్వాతి నమూనాను 2004లో రద్దు చేసుకుంది, 2005లో రెండు కోర్ల ప్రాసెసర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. అప్పటి నుంచి వేగం పెంచే బాధ్యతలో పెద్ద భాగం ప్రోగ్రామర్ల మీద పడింది.

ఆ బాధ్యతకు హద్దు ఎక్కడుందో కంప్యూటర్ల రూపశిల్పి జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పారు. పొలంలో నాట్లు వేయడానికి ఎంత మంది కూలీలు వస్తే పని అంత త్వరగా తెములుతుంది గాని, నారు ఎదగడానికి పట్టే రోజులు తగ్గవు. ఒక ప్రోగ్రాంలో నాలుగో వంతు పని వరుసక్రమంలోనే జరగాల్సి ఉంటే, 8 కోర్ల మీద దాని వేగం సుమారు 2.9 రెట్లు, 16 కోర్ల మీద సుమారు 3.4 రెట్లు పెరుగుతుంది. ఎన్ని వేల కోర్లు పెట్టినా నాలుగు రెట్లు చేరదు. 8 నుంచి 16కు వెళ్లినప్పుడు చాలామందికి ఆశించిన తేడా కనిపించకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

గేములలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ గడువు సెకనుకు 60 సార్లు వస్తుంది. ఒక్కో ఫ్రేముకు దొరికే 16.6 మిల్లీసెకన్లలో ఆటగాడి మీట నొక్కులు చదవాలి, పాత్రల నిర్ణయాలు తేల్చాలి, భౌతిక నియమాల లెక్కలు చేయాలి, యానిమేషన్ భంగిమలు కట్టాలి, చివరకు గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు పంపాలి. వీటిలో చాలావరకు ముందు దశ ఫలితం వస్తే గాని తర్వాతి దశ మొదలుకాదు. మూడు కోర్లతో ఎక్స్‌బాక్స్ 360 వచ్చిన 2005 రోజుల్లో చాలా ఇంజిన్లు గేమ్ లాజిక్‌కు ఒక థ్రెడ్, చిత్రణకు ఒకటి, శబ్దానికి ఒకటి అని పంచేవి. ఆ పద్ధతి మూడు నాలుగు కోర్లకు సరిపోతుంది. ఐదో కోరుకు అప్పగించడానికి విభాగం మిగలదు.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో 1.6 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఎనిమిది బలహీనమైన కోర్లు ఉండటంతో మరో దారి వెతకక తప్పలేదు. గేముల తయారీ సంస్థ నాటీ డాగ్ ఇంజనీరు 2015 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వివరించిన పద్ధతిలో ఫ్రేమ్ పని మొత్తాన్ని జాబులు అనే చిన్న చిన్న పని ముక్కలుగా విడగొడతారు. ప్రతి కోరు మీదా ఒక థ్రెడ్ కూర్చుని, సిద్ధంగా ఉన్న జాబును తీసుకుని పూర్తిచేస్తుంది, ఒక జాబు మరొకదాని కోసం ఆగాల్సి వస్తే దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి అందుకుంటుంది. ఇప్పుడు పెద్ద ఇంజిన్లన్నింటిలో ఇలాంటి ఏర్పాటే ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

జాబులుగా విడగొట్టడం ఒక్కటే చాలదని నాకు అనుభవంలో తెలిసింది. నేను చేరిన ఒక ప్రాజెక్టులో వీధిలో నడిచే జనసమూహం కోడ్ ఉండేది. ప్రతి పాత్రా తన పక్కవారి స్థానాలు చదివి తన స్థానం మార్చుకునేది, ఆ స్థానాల పట్టికకు ఒక లాక్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే అనుమతించే తాళం) ఉండేది. రెండు కోర్ల మీద కంటే ఎనిమిది కోర్ల మీద అది నెమ్మదిగా నడిచేది, ఎందుకంటే థ్రెడ్లు లెక్క చేయడం కంటే లాక్ కోసం నిలబడటంలోనే కాలం గడిపేవి. మేము పట్టికను రెండుగా చేశాము: అందరూ గత ఫ్రేమ్ స్థానాలను చదువుతారు, కొత్త స్థానాన్ని ఎవరి గడిలో వారు రాస్తారు. చదివే చోట ఎవరూ రాయరు కనుక లాక్ అవసరమే పోయింది. తర్వాత కూడా ఒక చిక్కు మిగిలింది. ప్రతి థ్రెడ్‌కూ వేరే లెక్కింపు గడి ఉన్నా, ఆ గడులు మెమరీలో పక్కపక్కనే ఉండి ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన చిన్న మెమరీ అయిన క్యాష్‌లోకి ఒకేసారి వచ్చే ముక్కలో) పడటంతో, ఒక కోరు రాసినప్పుడల్లా మిగతా కోర్ల దగ్గరున్న నకలు చెల్లకుండా పోయేది. గడుల మధ్య ఖాళీ వదిలితే సరిపోయింది. అల్గారిథం ఎంత బాగున్నా డేటా మెమరీలో ఎలా పరచి ఉందన్నది తేలకుండా కోర్ల గురించి మాట్లాడటంలో అర్థం లేదని నేను అప్పటి నుంచి గట్టిగా నమ్ముతున్నాను.

వ్యూహ గేములలో మరో సూక్ష్మమైన అడ్డంకి ఉంది. నెట్‌వర్క్ మీద ఆడేటప్పుడు చాలా వ్యూహ గేములు ఆటగాళ్ల ఆదేశాలను మాత్రమే పంపి, ప్రతి కంప్యూటర్‌లోనూ అదే లెక్క అక్షరాలా అదే ఫలితం ఇస్తుందని నమ్ముకుంటాయి. దశాంశ సంఖ్యలను కంప్యూటర్ కూడే క్రమం మారితే చివరి అంకెలు మారవచ్చు. ఏ థ్రెడ్ ముందు ముగుస్తుందో మనకు ముందుగా తెలియదు. కాబట్టి థ్రెడ్లు ఏ వరుసలో ముగిసినా ఫలితాలను ఒక స్థిరమైన వరుసలోనే కలపాలి, ఆ కలపడం మళ్లీ వరుసక్రమపు పనే అవుతుంది.

గ్రాఫిక్స్ వైపు పరిస్థితి మెరుగుపడింది: గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు పంపే సాఫ్ట్‌వేర్ పద్ధతులైన డైరెక్ట్‌ఎక్స్ 12 2015లో, వల్కన్ 2016లో వచ్చాక చిత్రణ ఆదేశాల జాబితాలను అనేక థ్రెడ్ల మీద ఒకేసారి తయారుచేయడం ఆచరణసాధ్యమైంది.

గేముల బయట కొన్ని పనులు కోర్లను సహజంగానే నింపుతాయి. వేల ఫైళ్లున్న ప్రాజెక్టును కంపైల్ చేయడం (కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చడం), వీడియో ఎన్‌కోడింగ్, త్రీడీ దృశ్యాల రెండరింగ్ ఇలాంటివి, ఎందుకంటే వాటిలో ఒక ముక్కకు మరొక ముక్కతో పని చాలా తక్కువ. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మాత్రం కోడ్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్ అంతటికీ ఒకే తాళం ఉండటం వల్ల చాలాకాలం పాటు ఒక సమయంలో ఒక థ్రెడ్ మాత్రమే పైథాన్ కోడ్‌ను నడిపేది. 2024లో వచ్చిన పైథాన్ 3.13 వెర్షన్‌తో ఆ తాళం లేని ప్రయోగాత్మక రూపం అందుబాటులోకి వచ్చింది.

ఇక భవిష్యత్తు విషయానికొస్తే, కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ గుస్టాఫ్సన్ 1988లో ఎత్తి చూపిన కోణం నాకు ఎక్కువ ఆశ కలిగిస్తుంది: ఎక్కువ కోర్లు వచ్చినప్పుడు మనుషులు అదే పనిని త్వరగా ముగించడం కంటే, అదే సమయంలో ఇంకా పెద్ద పనిని చేయిస్తారు. వీధిలో ఇరవై మందికి బదులు రెండు వేల మంది, దూరాన ఉన్న ఊళ్లో కూడా ఆగకుండా సాగే వ్యాపారం, ప్రతి గోడకూ తగిలి మారే శబ్దం వంటివి కోర్లను నిజంగా నింపగలవు. అయితే అదే గేమ్ ఆరు కోర్ల యంత్రం ఉన్నవారికి కూడా అమ్మాలి కనుక, ఆట ఫలితాన్ని మార్చే సిమ్యులేషన్‌ను తయారీదారులు కనీస యంత్రానికే కొలుస్తారు. అదనపు కోర్లకు దక్కేది షేడర్ల (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాంల) కంపైలింగ్, కుదించిన ఫైళ్లను విప్పడం, అలంకారానికి ఉండే జనం రద్దీ వంటి, ఆట ఫలితాన్ని మార్చని పనులే. కనీస యంత్రం స్థాయి పెరిగేదాకా ఈ పరిస్థితి పెద్దగా మారదని నా అంచనా.

కాబట్టి గేముల కోసమే అయితే, నేటికి ఎనిమిది వేగవంతమైన కోర్లు, పెద్ద క్యాష్ ఉన్న ప్రాసెసర్ చాలునని నా అభిప్రాయం. 2022లో వచ్చిన ఎనిమిది కోర్ల ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్3డి తన 96 మెగాబైట్ల క్యాష్ బలంతో చాలా గేములలో తనకంటే ఎక్కువ కోర్లున్నవాటిని మించింది. మీరు కంపైలింగ్, రెండరింగ్ కూడా చేస్తారంటే మీ 16 కోర్లు వృథా కావు, కానీ ర్యామ్ ఎంత ఉందో ఒకసారి చూసుకోండి: ఒకేసారి నడిచే ప్రతి కంపైలర్ ప్రక్రియకూ విడిగా మెమరీ కావాలి, అది చాలకపోతే కోర్లన్నీ డిస్కు కోసం ఎదురుచూస్తాయి.