నిపుణుల పరీక్షకు ముందు మూడు వారాలు

ప్రశ్న: నా వయసు 38. నా పిక్క మీద ఉన్న పుట్టుమచ్చ కొన్ని నెలలుగా రంగు మారినట్టు అనిపించి మా డాక్టరుకు చూపించాను. ఆయన వీపు మీద ఉన్న మరొకటి కూడా చూసి, రెండింటినీ చర్మవ్యాధి నిపుణులు పరీక్షించడం మంచిదని రాసిచ్చారు. అపాయింట్‌మెంటుకు ఇంకా మూడు వారాలుంది. రాత్రిళ్లు లేచి, బాత్రూములో ఫోను లైటు వేసుకుని చూసుకుంటున్నాను. చుట్టూ పెన్నుతో గీత గీసి, ఉదయానికి అది దాటిందేమోనని మళ్లీ చూస్తున్నాను. మా మామగారు క్యాన్సర్‌తోనే పోయారు కాబట్టి మావారికి ఈ సంగతి చెప్పలేకపోతున్నాను. ఈ మూడు వారాలు ఎలా గడపాలి?

జవాబు: మీరు చేయవలసిన పనుల్లో ముఖ్యమైనదాన్ని ఇప్పటికే చేశారు. మచ్చలో మార్పును గమనించి, భయపడి దాచుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఇక మీకు మిగిలింది ఎదురుచూడడమే. అందులో చేతికి పని ఉండదు కనుకనే మనసు ఒక పనిని కల్పించుకుంటుంది. మీ విషయంలో ఆ పని ఫోను లైటు, పెన్ను గీత.

ఆ గీత గురించి కాస్త వివరంగా చెప్పాలి. మచ్చ రెండు సగాలూ ఒకే తీరుగా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండడం, రంగులు కలగలిసి ఉండడం, 6 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు, కాలక్రమంలో మార్పు అనే లక్షణాలను మీరు ఎక్కడో చదివే ఉంటారు. డాక్టరుకు చూపించాలా వద్దా అని తేల్చుకోవడానికి చెప్పిన గుర్తులవి. మీరు చూపించారు కనుక వాటి పని అయిపోయింది. మచ్చ ఏమిటో తేల్చే శక్తి వాటికి లేదు. పైగా మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తీవ్రతను అంచనా వేయడంలో వైద్యులు ముందుగా చూసేది అది చర్మంలోకి ఎంత లోతుకు దిగిందన్నదే గాని, పైకి ఎంత వెడల్పుగా కనిపిస్తున్నదన్నది కాదు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే వైద్యుడు ప్రతిపాదించిన ఆ కొలతను, తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి మాత్రమే చెప్పగలరు. కాబట్టి అర్ధరాత్రి మీరెంత జాగ్రత్తగా కొలిచినా, మీకు కావలసిన జవాబు ఆ గీతలో దొరకదు.

ఇంకొక సంగతి. ఒకే మచ్చను రోజుకు పదిసార్లు చూస్తే కన్ను మోసపోతుంది. లైటు పడే తీరును బట్టి, చర్మం సాగిన తీరును బట్టి నలుపు ముదిరినట్టూ, అంచు జరిగినట్టూ కనిపిస్తుంది. తరచూ తడిమితే చర్మం నిజంగానే ఎర్రబడి, మరో భయానికి కారణమవుతుంది. చూసుకున్న మరుక్షణం కలిగే ఊరట కాసేపట్లోనే పోయి మళ్లీ చూడాలనిపించడం మీ బలహీనత కాదు. ఆందోళన నడిచే తీరే అంత.

అందుకని చూడడం పూర్తిగా మానేయమని నేను అనను, అది మీ వల్ల కాదు కూడా. పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, రెండు మచ్చలనూ ఒక్కసారి ఫోటో తీయండి. వారానికి ఒక రోజు, ఒకే వేళకు, అదే చోట మళ్లీ తీయండి. ఈ ఫోటోలు నిపుణులకు కూడా పనికివస్తాయి. తక్కిన రోజుల్లో చూడాలనిపించినప్పుడు, "ఆదివారం చూస్తాను" అని మనసుకు చెప్పుకుని, ఆ గది నుంచి బయటికి రండి. అయితే మచ్చ నుంచి దెబ్బ తగలకుండానే రక్తం కారినా, పుండు పడినా, గట్టి బుడిపెలాగా వారాల్లోనే పెరుగుతున్నా, ఆదివారం దాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి. ఎవరేమి చెప్పినా మచ్చను కాల్చే మందులు మాత్రం రాయవద్దు. అవి నిపుణులు చూడవలసిన ఆధారాన్నే చెరిపేస్తాయి.

రాత్రి ఆలోచనల కోసం ఒక పద్ధతి ఉంది. మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో దీన్ని వివరించారు. సాయంత్రం ఒక అరగంటను దిగులుకే కేటాయించి, ఒకే కుర్చీలో కూర్చుని మీ భయాలన్నీ కాగితం మీద రాయాలి. మిగతా వేళల్లో వచ్చిన దిగులును ఆ అరగంటకు వాయిదా వేయాలి. మొదటి నాలుగైదు రోజులు ఇది కృత్రిమంగా అనిపించవచ్చు, అయినా సాగించండి. పడుకునే ముందు మాత్రం ఆ కాగితం తీయవద్దు, ఫోనులో లక్షణాలు వెతకవద్దు.

పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే కూడా కొంత భయం తగ్గుతుంది. నిపుణులు డెర్మోస్కోప్ అనే పరికరంతో మచ్చను పెద్దది చేసి చూస్తారు. దీనికి నొప్పి ఉండదు. చాలామందికి అంతటితోనే ఏమీ లేదని చెప్పి పంపేస్తారు. అనుమానం మిగిలితే ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, మచ్చను తీసి బయాప్సీకి పంపుతారు. అలా తీసినవాటిలోనూ ఎక్కువ భాగం హానిలేనివే. ఒకవేళ మెలనోమా అని తేలినా, పలుచగా ఉన్న దశలో దొరికితే చుట్టూ కొంత చర్మంతో కలిపి కోసి తీయడమే చాలా సందర్భాల్లో సరిపోతుంది. మీది తప్పకుండా హానిలేనిదేనని నేను మాట ఇవ్వలేను, ఇస్తే అది అబద్ధమవుతుంది. మీ డాక్టరుకు ఫోను చేసి, ఈ పరీక్షను అత్యవసరమని రాశారా, ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ సమయం మీకు దొరుకుతుందా అని అడగండి. అలా అడగడం మీ హక్కు.

ఇక మీవారి సంగతి. తండ్రిని పోగొట్టుకున్న మనిషిని కలవరపెట్టకూడదన్న మీ ప్రేమ నాకు అర్థమైంది. కానీ అర్ధరాత్రి పక్కన మీరు లేకపోవడం, బాత్రూము తలుపు కింద వెలుగు ఆయనకు కనబడకుండా ఉంటాయా? కారణం తెలియక ఆయన ఊహించుకునేది నిజంకంటే భయంకరంగా ఉండవచ్చు. భోజనాలయ్యాక, పిల్లలు నిద్రపోయాక, సూటిగా ఇలా చెప్పండి: "రెండు పుట్టుమచ్చలు చూపించాను, నిపుణులు చూడాలన్నారు, ఫలానా రోజున పరీక్ష. అదేమిటో ఇంకా తెలియదు. నాకు భయంగా ఉంది, ఆ రోజు నాతో రండి." వీపు మీది మచ్చను మీరు సరిగా చూసుకోలేరు కదా, ఆదివారం ఫోటో తీసే పని ఆయనకే అప్పగించండి.