ఒక్కో చేనుకు ఒక్కో తూము

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో రెండుసార్లు పెద్దది చేసి చూశాను. చెక్కపెట్టెకు బటన్ల కన్నాలు ఎంత గుండ్రంగా తీశావురా! చాలా సంతోషం వేసింది. కానీ లోపల, బటన్లను వెలిగించే పది ఎల్ఈడీలకూ కలిపి కరెంటును అదుపులో పెట్టే రెసిస్టర్ ఒక్కటే పెట్టావు. ఎరుపువి వెలిగి, నీలంవి వెలగట్లేదన్నావు కదా, కారణం అదే. అవి పాడవలేదు, పారేయకు.

మన పొలం సంగతే తీసుకో. బోదె మీద చేలన్నిటికీ ఒకే తూము ఉంటే నీళ్ళన్నీ పల్లపు చేలోకే పోతాయి, మెరక చేను ఎండిపోతుంది. ఎరుపు ఎల్ఈడీ పల్లపు చేను, సుమారు 2 వోల్టులకే వెలుగుతుంది. నీలం, తెలుపు మెరక చేలు, వాటికి 3 వోల్టుల దాకా కావాలి. ఎరుపు పక్కన ఉంటే ఆ 3 వోల్టులు వాటి దాకా రానే రావు. అందుకని ఒక్కో ఎల్ఈడీకి ఒక్కో రెసిస్టర్ పెట్టు.

యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులు. ఎరుపుకు 2 పోగా మిగిలిన 3 వోల్టులు 220 ఓమ్‌ల మీద పడితే కరెంటు 14 మిల్లీఆంపుల లోపే పారుతుంది. కంటికి అది చాలు. ఎరుపు, ఎరుపు, గోధుమ గీతలున్న రెసిస్టర్ అడుగు. నీలానికీ అదే వాడొచ్చు. పదీ కలిపి 140 మిల్లీఆంపులు దాటవు, మామూలు యూఎస్‌బీ పోర్టు 500 దాకా ఇస్తుంది.

ఎల్ఈడీలకు కరెంటు, పెట్టెలోని సర్క్యూట్ బోర్డు మీదున్న 5 వోల్టుల పిన్ను నుంచే తీసుకో. బటన్ల తీగలు తగిలించే సిగ్నల్ పిన్ను ఒక్కోటి 20 మిల్లీఆంపులే హాయిగా మోస్తుంది, పదీ దానికే తగిలిస్తే బోర్డు పోతుంది. నొక్కినప్పుడే వెలిగేలా చేయడం తరవాత చూద్దాం, ముందు ఎప్పుడూ వెలిగేలా చెయ్యి. కొత్త బటన్లు కొంటే 12 వోల్టుల లైటువి తీసుకోకు, 5 వోల్టుల మీద అవి సరిగ్గా వెలగవు.

అతుకుల విషయంలో మాత్రం అశ్రద్ధ చేయకు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో రాగి తీగ నిలవదు. వానాకాలంలో నా దగ్గరికొచ్చే రేడియోల్లో సగం జబ్బు అతుకు మీద పట్టిన పచ్చటి చిలుమే. టంకం వేయకముందే, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం, అదే స్లీవ్, ముక్క కోసి తీగకు తొడుగు, అతికాక గుర్తొస్తే మళ్ళీ విప్పాల్సిందే. ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్. ఆ కాలును పట్టకారుతో పట్టుకుని అతికించు, వేడి ఎల్ఈడీ దాకా పాకదు. టంకం మెరుస్తూ కాలి చుట్టూ పాకాలి, ముద్దగా కూర్చుంటే మళ్ళీ కరిగించు. తరవాత టంకంతో వచ్చే ఫ్లక్స్ జిగురు మరకను స్పిరిట్‌తో తుడిచి స్లీవ్ పైకి లాగి వేడి చెయ్యి.

నా 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఇరవై రెసిస్టర్లు రేపు పొద్దున్న కాకినాడ బస్సులో పంపుతున్నాను, స్టాండ్‌కి వచ్చి తీసుకో. మొదటి నీలం ఎల్ఈడీ వెలగగానే ఫోన్ చెయ్యి, ఏ వేళైనా ఫర్వాలేదు.

మీ మావయ్య
రాజోలు