ఎఫ్‌డీ బ్రేక్ చేసి స్నైపర్ రైఫిల్ కొనవచ్చా?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర పల్లెలో ఉంటాను. రిటైర్డ్ హెడ్మాస్టర్ని, వయసు 66. పెన్షన్ వస్తుంది. రెండెకరాల చేను కౌలుకిచ్చాను, కొబ్బరి దింపు మీద కొంత వస్తుంది. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, గ్రీన్ కార్డు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా స్నైపర్ రైఫిల్ 1903ఏ4కి నకళ్లు రెండు అమ్మకానికి వచ్చాయట, ఒక్కోటి 2,800 డాలర్లు. ‘నాన్నా, డబ్బు నువ్వు పెట్టు, లాభంలో సగం నీది, ఐదేళ్లలో రెట్టింపవుతుంది’ అంటున్నాడు. 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. బ్రేక్ చేసి పంపమంటారా? రైఫిళ్ల ఫొటోలు జత చేశాను.

జవాబు: మాస్టారూ, ఎఫ్‌డీ కదపకండి. మీ అబ్బాయికి ఆ రైఫిల్ మీద మనసు పడితే తన జీతంలోంచి ఒకటి కొనుక్కోనివ్వండి. అది తప్పు కాదు. దాన్ని పెట్టుబడి అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

నా చిన్నప్పుడు మా మేనత్త ఒక గొలుసు తీసుకుని నరసాపురంలో కంసాలి దగ్గరికి వెళ్లింది. పిల్ల కాలేజీ ఫీజుకి తాకట్టు పెట్టాలి. పక్కన నేనున్నాను. ఆయన గీటురాయి మీద గొలుసు గీసి, ఆ పసుప్పచ్చ గీత మీద ఆమ్లం చుక్క వేశాడు. గీత కరిగిపోయింది. ‘అమ్మా, ఇది పైపూత. పెట్టుకుని తిరగడానికి బాగుంటుంది, దీని మీద నేను డబ్బివ్వలేను’ అన్నాడు. గొలుసు అందంలో లోపమేమీ లేదు, పదేళ్లుగా మెడలో మెరుస్తూనే ఉంది. నకలు రైఫిల్ కూడా అంతే. కాల్చుకోవడానికి, గోడకి పెట్టుకోవడానికి చాలా బాగుండొచ్చు. డబ్బు అవసరమైన రోజున దాని సంగతి వేరు.

అసలు 1903ఏ4ని రెమింగ్టన్ కంపెనీ 1943, 1944లో తయారు చేసింది. మొత్తం 28 వేల చిల్లర. ఇక ఎప్పటికీ పెరగని సంఖ్య అది. పాడైనవి, పోయినవి పోగా మిగిలినవాటికే గిరాకీ. నకలుకి ఆ రక్షణ లేదు. తయారుచేసేవాడు వచ్చే ఏడాది మరో వంద చేస్తే మీ అబ్బాయి దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్ సరుకు అయిపోతుంది. కొత్తదాని ధర ఎంతో, దానికంటే తక్కువకే ఇది అమ్ముడుపోవాలి.

మీరు పంపిన నాలుగో ఫొటో పెద్దది చేసి చూశాను. స్కోప్‌ని, అంటే దూరం గురి చూసే గొట్టాన్ని, పట్టి ఉంచే ఇనుప బేస్ కింద నుంచి చెక్కిన అక్షరాల అంచులు రెండు పక్కలా బయటికి కనిపిస్తున్నాయి. మిగతా అక్షరాలు బేస్ కిందే ఉండిపోయాయి. ఫ్యాక్టరీలో స్నైపర్‌గా చేసిన తుపాకి మీద అలా ఉండదు. బేస్ పెట్టాక కూడా చదవగలిగేలా పేరు ఒక పక్కకి, నంబరు ఇంకో పక్కకి జరిపి చెక్కేవారు. ఇంకో సంగతి, అసలు స్నైపర్ మీద కూడా ఏ4 అని ఉండదు, మామూలు సైనిక రైఫిల్ పేరైన 03-ఏ3 అనే ఉంటుంది. కాబట్టి ‘ఏ4 అని రాసి లేదు, నకిలీ’ అనేవాడి మాటా, ‘03-ఏ3 అని ఉంది కాబట్టి అసలే’ అనేవాడి మాటా రెండూ నమ్మొద్దు. అక్షరాలు ఎక్కడ ఉన్నాయన్నదే చూడాలి. అసలుదానికి గొట్టం చివర ఉండే గురి ముక్క (ఫ్రంట్ సైట్) కూడా బిగించరు, గురి అంతా స్కోప్‌తోనే.

అంటే ఇది యుద్ధకాలపు మామూలు 03ఏ3 సైనిక రైఫిల్. దానికి కన్నాలు వేసి స్కోప్ పెట్టారు. ఇక్కడ నాకు నిజంగా బాధేసింది. కదపకుండా ఉంచిన 03ఏ3కి సేకరించేవాళ్లలో తనదైన విలువ ఉంటుంది. కన్నం వేశాక ఆ విలువ చాలా పడిపోతుంది, స్నైపర్ విలువ మాత్రం రాదు. అమ్మేవాడు ‘నకలు’ అని నిజాయతీగానే చెప్పాడు, అందుకు సంతోషం. కానీ 2,800 దేనికి అడుగుతున్నాడో విడదీసి చూడాలి. కన్నాలు పడిన రైఫిల్ ఒక్కటే ఎంతకి వస్తుంది? బేస్, రింగులు కొత్తవి ఎంత? నకలు స్కోప్ కొత్తది ఎంత? ఈ మూడూ కూడి 2,800లోంచి తీసేస్తే మిగిలేది పనివాడి కూలి. కూలి డబ్బు మళ్లీ చేతికి రాదు. మన ఊళ్లో పాత పడవకి మరమ్మతు చేయించి అమ్మినవాళ్లని అడగండి, ఇదే చెబుతారు.

నాణ్యత మాటకొస్తే, నకలుని చులకన చేయక్కర్లేదు. అసలు ఏ4కి పెట్టిన 1943 నాటి వీవర్ కంపెనీ స్కోప్ తేమకి మసకబారేది. ఇప్పటి నకలు స్కోప్ వాడకానికి దానికంటే మెరుగ్గా ఉండొచ్చు. కొనేముందు కాల్పుల రేంజికి తీసుకెళ్లి 100 గజాల్లో ఐదు గుళ్లు కాల్చమనండి. స్కోప్ మరలు తిప్పి గురిని పక్కకి జరిపి, మళ్లీ అన్నే గీతలు వెనక్కి తెచ్చి ఇంకో ఐదు కాల్చాలి. రెండోసారి పడిన గుళ్లు మొదటి గుంపు మీదే పడితే లోపలి పని మంచిది. ఎటో పోతే బేరం ఆపెయ్యాలి. బేస్ స్క్రూలు వదులయ్యాయేమో అప్పుడే చూడాలి. తూటా కూర్చునే గది కొలతలు సరిగా ఉన్నాయో లేదో తుపాకుల మెకానిక్‌తో పరీక్ష చేయించకుండా 80 ఏళ్ల తుపాకిని భుజానికి ఆనించొద్దని నా మాటగా చెప్పండి.

రేపు ఇంకెవరో బ్రిటిష్ నంబర్ 4 (టీ) చూపిస్తారు. మన పోలీసుల చేతుల్లో మనం చూసిన త్రీ నాట్ త్రీ కుటుంబమే అది. లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు వాటిని స్నైపర్‌గా మార్చారు. స్కోప్ నంబరు ఆ తుపాకి వెనక చెక్క (బట్) మీద కొట్టి ఉంటుంది. చెక్క మీద నంబరూ స్కోప్ మీద నంబరూ కలవకపోతే ఆ రెండూ తర్వాతెప్పుడో జతపడ్డవే.

ఇక ‘డబ్బు నాన్నది, తుపాకి కొడుకు పేరున, లాభం చెరిసగం’ అన్న ఏర్పాటు. ఇది నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది. అక్కడ డీలర్ దగ్గర కొనేటప్పుడు ఫారం 4473 నింపాలి. ‘అసలు కొనుగోలుదారు మీరేనా’ అని అందులో అడుగుతారు. డబ్బు మీది, లాభంలో సగం మీది అయితే మీ అబ్బాయి దానికేం చెబుతాడు? తప్పు జవాబిస్తే ఫెడరల్ నేరం. మీ అబ్బాయికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి తన కోసం తాను కొనుక్కోవచ్చు. హెచ్1బీ మీదున్న స్నేహితుడు ఎవరైనా వాటా కలుపుతానంటే ఒప్పుకోవద్దు, ఆ వీసా వాళ్లకి తుపాకి ఉంచుకోవడం మీదే ఆంక్షలున్నాయి. తర్వాత ఇంటికి తెచ్చుకోవచ్చన్న ఆలోచన కూడా వద్దు. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర కూడా మామూలుగా రెండు తుపాకులకి మించి ఉండకూడదు. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే జైలే.

ఐదేళ్లలో రెట్టింపు అన్నారు కదా, డబ్బు రెట్టింపు కావడానికి ఎంత శాతం కావాలో తెలియాలంటే 72ని ఏళ్లతో భాగించడం ఒక సులువు లెక్క. 72ని 5తో భాగించండి. ఏడాదికి 14 శాతం పైన పెరగాలి, ఏటా, తప్పకుండా. పైగా అమ్మేటప్పుడు కమీషన్, షిప్పింగ్, డీలర్ బదిలీ ఫీజు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకం వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెరిగింది. ఆ రేటు మీద మీ 5 లక్షలకి మూడు నెలలకోసారి 10,250 రూపాయలు చేతికొస్తాయి. తుపాను వచ్చి చెట్లు పడిపోయిన ఏడాదీ, దాళ్వాకి నీళ్లు రాక కౌలు తగ్గిన ఏడాదీ ఆ డబ్బు ఆగదు. ఎఫ్‌డీ గడువు తీరాక దాన్ని అందులోకి మార్చండి. గడువుకి ముందే బ్రేక్ చేస్తే బ్యాంకు వడ్డీలో కోత పెడుతుంది కనుక ఇప్పుడే తొందర వద్దు.

మీ అబ్బాయితో కఠినంగా మాట్లాడకండి మాస్టారూ. ఒక్క రైఫిల్, తన డబ్బుతో, రేంజి పరీక్ష అయ్యాక. ధర తగ్గించమని అడగడానికి ఆ నాలుగో ఫొటోయే చాలు. బేస్ విప్పి కింద అక్షరాలు కనిపించేలా ఇంకో ఫొటో తీసి పంపమని అమ్మేవాడిని అడగమనండి. వచ్చాక నాకూ పంపండి, చూసి చెబుతాను.