డ్రైవింగ్ సిమ్యులేటర్ గేమ్‌లో 100 వేగం 60లా అనిపిస్తుంటే

మీటర్ 100 చూపిస్తున్నా 60లా అనిపించి మలుపు దాటిపోవడానికి కారణం మీ డ్రైవింగ్ కాదు, స్క్రీన్ దూరం. వేగం మనకు ఎక్కువగా కంటి అంచుల్లో వెనక్కి పరుగెత్తే చెట్లు, గోడల వల్లే తెలుస్తుంది. దూరంగా పెట్టిన ఒక్క మానిటర్‌లో అవి ఉండవు.

1. మీది 27 అంగుళాల మానిటర్ అయితే, దాన్ని కళ్లకు 90 సెం.మీ. దూరం నుంచి 50 సెం.మీ.కి జరపండి. చాలామంది వదిలేసేది ఇదే. గేమ్‌లో ఎఫ్ఓవీ (తెరపై ఎంత వెడల్పు దృశ్యం కనిపించాలో చెప్పే కోణం) స్లైడర్ ఒక్కటే పెంచితే వేగం తెలుస్తుంది గానీ, మలుపు ఉన్నదానికంటే దూరంగా కనిపించి బ్రేక్ ఆలస్యమవుతుంది.
2. ఇప్పుడు ఎఫ్ఓవీ అడ్డం కోణం 62 డిగ్రీలు పెట్టండి. అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్ నిలువు కోణం అడుగుతుంది, అక్కడ 37.
3. ఇంజిన్, టైర్ల శబ్దం పెంచండి.

అలవాటయ్యేదాకా మలుపుకు ముందు ఒకసారి మీటర్ చూసుకోండి.